కటింగ్ బల్ల మీద పదో తరగతి లెక్కలు

పోయిన ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం పొద్దున్నే మా అక్క వాళ్ళబ్బాయిని తీసుకొచ్చి మా ఇంట్లో దింపింది. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ప్రీఫైనల్ పేపర్లు. లెక్కల్లో వందకి 41. "పబ్లిక్ పరీక్షలకి మూడు వారాలే ఉంది. నువ్వు డిగ్రీలో మ్యాథ్స్ చదివావు కదే, ఎలాగోలా వీణ్ణి గట్టెక్కించు" అంది. వాడి స్కూలు ఎలాగూ చీరాలలోనే. మా ఇంట్లో ఉంటే రోజూ ఊరి నుంచి బస్సులో వచ్చిపోయే టైమన్నా మిగులుతుందని అక్క ఆలోచన.

నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. బ్లౌజులు, లంగాఓణీలు, పిల్లల గౌన్లు. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం చదివాను, ఆ తర్వాత బీఎస్సీ. చదువు అక్కడితో ఆగింది కానీ లెక్కల మీద ఇష్టం పోలేదు. ముందు గదిలో కిటికీ పక్కన నా కటింగ్ బల్ల ఉంటుంది. గుడ్డ ముక్కలు పక్కకి నెట్టి అందులో సగం వాడికి ఇచ్చాను.

మొదటి రోజు పుస్తకం తెరవలేదు. వాడి జవాబు పత్రమే ముందు పెట్టుకుని, పోయిన 59 మార్కులు ఎక్కడెక్కడ పోయాయో ఒక్కొక్కటీ రాసుకుంటూ పోయాను. వాడు పక్కన తల వంచుకుని కూర్చున్నాడు. తిడతానని అనుకున్నట్టున్నాడు. అసలు ముట్టుకోకుండా వదిలేసినవి 14 మార్కులు. అర్థం కాక ఏదో రాసినవి 22. మిగిలిన 23 మార్కులు పద్ధతి అంతా సరిగ్గా తెలిసి, మధ్యలో ఒక్క మైనస్ దగ్గర పోగొట్టుకున్నవి. ఆ అంకె వాడికి చూపించాను. "ఇవి నీకు వచ్చిన లెక్కలేరా. ఇవి కలిపితే 64" అన్నాను. వాడు అప్పుడు తల ఎత్తాడు.

ఒక ఉదాహరణ చెప్తాను. 3x² − 5x − 2 = 0. సూత్రం తప్పు లేకుండా రాశాడు. b² − 4ac దగ్గర 25 − 24 = 1 అని వేశాడు. c అంటే మైనస్ 2, రెండు మైనస్‌లు కలిసి 25 + 24 = 49 కావాలి. ఆ ఒక్క గుర్తుతో మూలాలు 2, −1/3 రావలసిన చోట 1, 2/3 వచ్చాయి. ఇది పదో తరగతి తప్పు కాదు, ఏడో తరగతిది. అప్పటి నుంచి మోసుకొస్తున్నాడు. అందుకని మొదటి రెండు రోజులు వర్గ సమీకరణాలు, త్రికోణమితి అన్నీ పక్కనపెట్టి మైనస్‌లు, బ్రాకెట్లు, భిన్నాలు మాత్రమే చేయించాను. మా అక్క ఫోన్ చేసి "ఏ చాప్టర్ అయింది?" అంటే "ఇంకా ఏడో క్లాసులో ఉన్నాం" అని చెప్పాను. కంగారుపడింది. నాకూ లోపల టెన్షన్‌గానే ఉంది. కానీ పునాది కదులుతుంటే పైన గోడ కట్టి లాభం లేదు.

దానితో పాటు ఒక అలవాటు పట్టుబట్టి చేయించాను. మూలం వచ్చాక దాన్ని తీసుకెళ్ళి మొదటి సమీకరణంలో పెట్టి చూడటం. x = 1 పెడితే 3 − 5 − 2, అంటే −4. సున్నా రాలేదు, కాబట్టి తప్పు. x = 2 పెడితే 12 − 10 − 2, సున్నా. పది సెకన్ల పని. నేను బ్లౌజు కుట్టాక కొలత జాకెట్టుని దాని మీద పరిచి చూసుకుంటాను కదా, అలాంటిదే. ఇంతకుముందు వాడికి ఇది ఎవరూ చెప్పలేదట. జవాబు సరైనదో కాదో టీచర్ చెప్పాలి అనుకునేవాడు.

మూడో రోజు నాకు నిజంగా దిగులు పుట్టింది. స్కూల్లో ఒక బుక్‌లెట్ ఇచ్చారు, ఇంపార్టెంట్ లెక్కలు, వాటి జవాబులు. అందులో దీపస్తంభం లెక్క ఒకటి ఉంది. 75 మీటర్ల ఎత్తున్న దీపస్తంభం పైనుంచి చూస్తే, ఒకే వైపు, ఒకే వరుసలో ఉన్న రెండు ఓడలు 30 డిగ్రీలు, 45 డిగ్రీల నిమ్న కోణాల్లో (నేరు చూపు నుంచి కిందికి దిగే కోణం) కనిపిస్తున్నాయి, ఓడల మధ్య దూరమెంత అని. గడగడా రాసేశాడు, బొమ్మతో సహా. నేను 75ని 60 చేసి మళ్ళీ ఇచ్చాను. మధ్యలో అంతా 60 అని రాసుకుంటూ వచ్చి, చివర్లో 75(√3 − 1) అని రాశాడు. వాడి చేతికి ఆ లెక్క తెలుసు, కళ్ళకి తెలియదు. పదిహేనేళ్ళ పిల్లాడు రాత్రి పదకొండింటిదాకా కూర్చుని లెక్కల్ని పద్యంలా బట్టీ పడుతుంటే చూసి నాకు కడుపు తరుక్కుపోయింది. వాడిలో కష్టపడే గుణానికి లోటే లేదు.

ఇక అక్కడి నుంచి బుక్‌లెట్ మూసేశాం.

వృత్తాల వైశాల్యాల చాప్టర్లో సెక్టార్ (వృత్తంలోంచి కోసిన ముక్క) వంపు పొడవు అంటే వాడికి ఒక సూత్రం మాత్రమే. θ బై 360 ఇంటూ 2πr. ఆ వారం నా దగ్గర ఒక అమ్మాయి లంగా ఉంది, అంబ్రెల్లా కటింగ్. నడుము 28 అంగుళాలు. వాణ్ణి పిలిచి చూపించాను. గుడ్డని నాలుగు మడతలు వేసి, మడత మూల దగ్గర టేపు ఒక కొస బొటనవేలితో నొక్కిపట్టి, రెండో కొస దగ్గర చాక్‌పీసు పెట్టి గుండ్రంగా తిప్పితే పావు వృత్తం. విప్పితే నిండు వృత్తం. ఆ వృత్తం చుట్టుకొలతే నడుము. "అయితే ఎంత దూరంలో గీత గియ్యాలి?" అని అడిగాను.

కాసేపు చూశాడు. "2πr ఈజ్ ఈక్వల్ టు 28" అన్నాడు మెల్లగా. 28ని 6.28తో భాగించి 4.46 అన్నాడు.

నాకు కుట్టు నేర్పినావిడ నడుము కొలతని ఆరుతో భాగించు అని చెప్పింది. ఆరు ఎందుకని ఆవిడ చెప్పలేదు, ఆవిడకీ ఎవరో అలాగే చెప్పి ఉంటారు. ఆ సంగతి వాడితో అంటే వెంటనే లెక్క వేశాడు. ఆరుతో భాగిస్తే 4.67, అంటే నడుము 29.3 వస్తుంది, అంగుళం పైన వదులవుతుంది అని. "అందుకేనా పిన్నీ, నువ్వు గీత గీసేముందు పావు అంగుళం లోపలికి జరుపుతావు?" అన్నాడు. కొంత అందుకు, కొంత కుట్టులో పోయే మార్జిన్‌కి. వాడు నా చెయ్యి అంత శ్రద్ధగా చూస్తున్నాడని నాకు అప్పటిదాకా తెలియదు.

అప్పుడు అసలు ప్రశ్న అడిగాను. "ఇప్పుడు ఇదే నడుముకి సగం అంబ్రెల్లా కావాలి. నిండు వృత్తం కాదు, అర్ధ వృత్తం. వ్యాసార్థం ఎంత?"

"సగం కదా, 2.2" అన్నాడు ఆలోచించకుండా.

నేను కాదనలేదు. బ్రౌన్ పేపరు, కత్తెర చేతికిచ్చాను. 2.2 అంగుళాలతో అర్ధ వృత్తం గీసి, కత్తిరించి, ఆ వంపు మీద టేపు పట్టుకుని కొలిచాడు. ఏడు అంగుళాలు! ఆ కాగితాన్ని తన నడుము దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు. బొమ్మకి కూడా చాలదు. చాలాసేపు మాట్లాడలేదు. నేను కుట్టు మిషన్ దగ్గరికి వెళ్ళి కూర్చుని పని చేసుకుంటున్నాను. ఐదు నిమిషాల తర్వాత వెనక నుంచి కాగితం చప్పుడు. ఈసారి పెద్ద షీటు పరిచాడు. "పిన్నీ, సగం వృత్తంలోనే మొత్తం 28 రావాలి. అంటే వృత్తం పెద్దదవ్వాలి. πr ఈజ్ ఈక్వల్ టు 28. 8.9" అన్నాడు. సగం అన్నామని వ్యాసార్థం సగం కాలేదు, రెట్టింపైంది. ఆ మాట వాడే అన్నాడు, నేను చెప్పలేదు. θ బై 360 అనే ముక్క ఆ రోజు నుంచి వాడికి సూత్రం కాదు, గుడ్డలో ఎంత భాగం అని అర్థం.

ఆ తర్వాత 44 అంగుళాల పన్నాలో (గుడ్డ వెడల్పు) 38 పొడవు లంగా నిండు అంబ్రెల్లాకి ఎంత గుడ్డ కొనాలో కూడా వాడే తేల్చాడు. బయటి వ్యాసార్థం దాదాపు 42న్నర, పన్నాలో ఒక అర్ధ వృత్తమే పడుతుంది, అలాంటివి రెండు, 170 అంగుళాలు, అంటే నాలుగుంబావు మీటర్లు దాటుతుంది కాబట్టి నాలుగున్నర. నేను షాపులో ఎప్పుడూ చెప్పే లెక్క అదే.

ఇక్కడ భాష గురించి ఒక మాట చెప్పాలి. వాడిది ఇంగ్లీష్ మీడియం. ఆర్క్, కార్డ్, సైన్, హైపాటెన్యూస్ అన్నీ వాడికి శబ్దాలే. నేను చదువుకున్న పుస్తకంలో ఆర్క్‌ని చాపం అంటారు, కార్డ్‌ని జ్యా అంటారు. చాపం అంటే విల్లు, జ్యా అంటే వింటినారి. బ్రౌన్ పేపరు మీద వృత్తంలో ఒక ముక్క గీసి ఈ మాటలు చెప్పగానే వాడికి నవ్వొచ్చింది, నిజంగానే విల్లులా ఉందని.

అక్కడి నుంచే సైన్‌లోకి వెళ్ళాం. 10 అంగుళాల వ్యాసార్థంతో వృత్తం గీయించాను. కేంద్రం దగ్గర 60 డిగ్రీలు పెట్టి నారి గియ్యమంటే, అది కూడా సరిగ్గా 10 వచ్చింది, సమబాహు త్రిభుజం కదా. ఆ నారిని, ఆ కోణాన్ని సగానికి కోస్తే 30 డిగ్రీల కోణానికి ఎదురుగా 5 అంగుళాల సగం నారి. 10లో 5, అంటే సగం. సైన్ 30 ఈజ్ ఈక్వల్ టు 1/2. టేపుతో కొలిచి చూసుకున్నాడు. 499లో ఆర్యభటుడు ఆర్యభటీయంలో ఇచ్చిన పట్టిక ఈ సగం నారులదే, అర్ధజ్యా అనేవారు. జ్యాకి ఇంకో పేరు జీవా. అది అరబ్బుల దగ్గరికి జిబగా వెళ్ళింది. వాళ్ళ రాతలో పొట్టి అచ్చులు మామూలుగా రాయరు కాబట్టి తర్వాతివాళ్ళు దాన్ని జైబ్ అని చదివారు, అంటే వక్షం, బట్ట మడత అని అర్థాలు. లాటిన్‌లోకి మార్చినప్పుడు అదే సైనస్ అయింది, చివరికి సైన్. ఒక వింటినారి అన్ని దేశాలు తిరిగి పేరు మార్చుకుని మన పిల్లల పుస్తకంలోకి తిరిగొచ్చింది. ఇది పరీక్షలో రాదని నాకు తెలుసు. కానీ ఆ కథ విన్న రాత్రి వాడు ఎవరూ చెప్పకుండానే సైన్ పట్టిక మళ్ళీ రాసుకున్నాడు. √0, √1, √2, √3, √4 వరసగా రాసి అన్నింటినీ రెండుతో భాగిస్తే 0, 30, 45, 60, 90కి విలువలు వస్తాయి. అది నేను చెప్పాను, కొలిచి నమ్మింది వాడు.

అలాగని తెలుగు మాటలన్నీ తేలిక అనను. శ్రేఢి అంటే వాడికి ప్రోగ్రెషన్ కన్నా కష్టంగా అనిపించింది. నాకూ చిన్నప్పుడు అంతే. అక్కడ "వరస" అన్నాను, సరిపోయింది. n-వ పదం సూత్రం a + (n − 1)d లో n పక్కన మైనస్ 1 ఎందుకొస్తుందో బ్లౌజు హుక్కులతో ఐదు నిమిషాల్లో అయిపోయింది. మొదటి హుక్కు అర అంగుళం దగ్గర, తర్వాత ఒకటిన్నర అంగుళానికొకటి. హుక్కులు ఆరు, మధ్య సందులు ఐదే. ఆరోది 8 అంగుళాల దగ్గర. సగటు, మధ్యగతం, బాహుళకం కూడా త్వరగానే అయ్యాయి. రెడీమేడ్ బ్లౌజులు అమ్మేవాడికి సగటు సైజు 35.2 అంటే ఏం ఉపయోగం, ఎక్కువమంది అడిగే సైజే కావాలి, అదే బాహుళకం.

అన్నీ ఇలా సాఫీగా జరగలేదు. √5 కరణీయ సంఖ్య, అంటే p/q భిన్నంగా రాయలేనిది అని నిరూపించే దగ్గర నేను గట్టిగా అరిచాను. నాలుగోసారి చెప్తున్నాను, పెళ్ళి బ్లౌజులు పన్నెండు మిగిలి ఉన్నాయి, వాడు ఆవలించాడు. అరిచాక వాడి ముఖం ఎలా ముడుచుకుపోయిందో ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు ఇంకేం చేసినా వాడి బుర్రలోకి వెళ్ళలేదు. మర్నాడు పొద్దున్న టీ తాగుతూ "నిన్న నాదే తప్పు నాన్నా" అన్నాను. వాడు మాట మార్చి, "పిన్నీ, ముందు కాదన్నదాన్ని అవునని అనుకోవడం ఎందుకు?" అన్నాడు. వాడికి అడ్డం పడింది అదే అని నాకు అప్పుడు తెలిసింది. నేనేమో రెండో సగం చెప్పుకుంటూ ఉన్నాను. "ఒకావిడ వచ్చి, నేను రెండు మీటర్లు ఇచ్చాను, నువ్వే తగ్గించావు అంది. సరే నువ్వు చెప్పిందే నిజమనుకుందాం అని, కుట్టినవన్నీ విప్పి కొలిస్తే మొత్తం మీటరున్నరే వచ్చింది. ఆవిడ మాటతోనే ఆవిడ మాట తప్పని తేలింది" అని చెప్పాను. √5 = p/q అనుకుని, p, q లకి ఉమ్మడి కారణాంకం లేదని మొదలుపెట్టి, చివరికి రెండింటికీ 5 ఉందని తేలడం కూడా అంతే కదా. అప్పుడు పట్టుకున్నాడు.

ఇక మిగిలింది ఆ దీపస్తంభం. బొమ్మలో నిమ్న కోణం ఎప్పుడూ తప్పు చోట వేసేవాడు. స్తంభానికీ చూపు గీతకీ మధ్య పెట్టేవాడు. చాలామంది పిల్లలు చేసే తప్పే ఇది. ఆ ఆదివారం సాయంత్రం స్కూటీ మీద వాడరేవు తీసుకెళ్ళాను. మా ఇంటి నుంచి ఆరేడు కిలోమీటర్లు. అక్కడ దీపస్తంభం ఉంది, కానీ మేం దాని దగ్గరికి వెళ్ళలేదు. ఇసుకలో నిలబడి, "కుడి చెయ్యి చాపి, సముద్రం ఆకాశం కలిసే గీత చూపించు" అన్నాను. చూపించాడు. వాడి కళ్ళ ముందు నేరుగా ఉన్న గీత అది. నా టేపు 60 అంగుళాలు. వాడి కంటి ఎత్తు కొలిస్తే ఇంచుమించు టేపు అంతే వచ్చింది. వాడి చెప్పు ఒకటి తీసి పాదాల నుంచి సరిగ్గా ఒక టేపు దూరంలో పెట్టాను. "ఇప్పుడు ఆ గీత మీంచి చెయ్యిని చెప్పు వైపు దించు. ఎంత దించావో అదే నిమ్న కోణం" అన్నాను. నిమ్నం అంటే పల్లం. చెయ్యి సగానికి దిగింది, 45.

రెండో చెప్పు 104 అంగుళాల దగ్గర పెట్టాం. 60 ఇంటూ 1.73. చెయ్యి ఇంకొంచెం పైకి లేచింది. దూరంగా ఉన్నదానికి కోణం తక్కువ, 30. అప్పుడు నేనేం అడగలేదు. వాడే టేపు లాక్కుని రెండు చెప్పుల మధ్య కొలిచాడు. 44 అంగుళాలు.

"60 ఇంటూ √3 మైనస్ 1" అన్నాడు, నా వైపు చూసి. "ఆ రోజు నువ్వు మార్చి ఇచ్చిన లెక్క!"

తిరిగొచ్చేటప్పుడు వెనక కూర్చుని దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు.

చివరి వారం కొత్తవి ఏవీ మొదలుపెట్టలేదు. మా రాష్ట్రంలో పేపరు మూడుంబావు గంటలు, 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఎనిమిది మార్కుల ప్రతి ప్రశ్నకీ ఇంకొకటి ఛాయిస్ ఉంటుంది. మొదటి పావుగంట చదువుకోవడానికి. ఆ పావుగంటలో ఎనిమిది మార్కులవాటిలో ఏవి రాయాలో పెన్సిల్‌తో టిక్కు పెట్టుకోవడం రెండు పాత పేపర్ల మీద ప్రాక్టీస్ చేయించాను. ముందు రాత్రి పదింటికే పడుకోబెట్టాను. మా అక్క ఫోన్ చేసి ఇంకో గంట చదివించమంది. కుదరదన్నాను.

పరీక్ష రోజు దీపస్తంభం రాలేదు, ఒక భవనం పైనుంచి చూసే లెక్క వచ్చింది. సరూప త్రిభుజాలది ఒకటి సగంలో వదిలేశాడు. ఫలితాల్లో లెక్కలకి 76 వచ్చింది. అక్క ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

వాడు ప్రశ్నపత్రం నాకే ఇచ్చి వెళ్ళాడు, దాచిపెట్టాను. ఆ భవనం లెక్క పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్న మనిషి బొమ్మ ఉంది. కంటి దగ్గర నుంచి అడ్డంగా ఒక గీత, దాని కింద ఏటవాలుగా ఇంకొకటి. పైగీత మీద తెలుగులో చిన్న అక్షరాలతో "చెయ్యి" అని రాసుకున్నాడు.